ఓడ పేర్ల ఫైలు నా బల్ల మీదికి వచ్చినప్పుడు

యుద్ధనౌకకు పేరెవరు పెడతారని నన్ను చాలామంది అడిగారు. మంత్రిగారు పెడతారని కొందరు అనుకుంటారు, అడ్మిరల్‌కి నచ్చిన పేరు పెట్టేస్తారని ఇంకొందరు. నేను నౌకాదళంలో ఉన్న రోజుల్లో, ఢిల్లీలో స్టాఫ్ పోస్టింగ్‌లో ఉండగా కొంతకాలం ఆ పేర్లకు సంబంధించిన కాగితాలు తయారుచేసే పని నాకు పడింది. నిర్ణయం నాది కాదు. పేర్లు వెతకడం, ఒక్కో పేరుకీ ఒక నోట్ రాయడం, పైవాళ్ళు అడగబోయే ప్రశ్నలకు జవాబులు సిద్ధంగా ఉంచడం నా వంతు. ఏ తరగతి (ఒకే నమూనాలో కట్టే ఓడల వరుస) కోసమో, అది ఏ ఏడాదో ఇక్కడ చెప్పను. అవి చిన్న ఓడలు, వాటికి రేవుల పేర్లు చూడమన్నారు. అంతవరకు చాలు.

ముందు పద్ధతి చెప్తాను. మన నౌకాదళంలో దీనికి ఇంటర్నల్ నామెన్‌క్లేచర్ కమిటీ అని ఒకటుంది. అసిస్టెంట్ చీఫ్ ఆఫ్ నేవల్ స్టాఫ్ స్థాయి అధికారి దానికి అధ్యక్షుడు. రక్షణ శాఖ చరిత్ర విభాగం లాంటి చోట్ల నుంచి కూడా మనుషులు కూర్చుంటారు. కమిటీ ఒప్పుకున్న పేర్లు నౌకాదళాధిపతి దగ్గరికి వెళ్తాయి. ఆ పైన రాష్ట్రపతి ఆమోదం దాకా వెళ్ళే కాగితాలూ ఉంటాయి. ఇదంతా జరిగేదాకా షిప్‌యార్డులో ఓడకు ఉండేది నంబరే. ఇవాళ మనం ఐఎన్ఎస్ (ఇండియన్ నేవల్ షిప్) విశాఖపట్నం అంటున్న డిస్ట్రాయర్, అంటే పెద్ద యుద్ధనౌక, ముంబయి మజగావ్ డాక్‌లో కడుతున్నప్పుడు యార్డ్ 12704. 2015 ఏప్రిల్‌లో నీళ్ళలోకి దించినప్పుడు పేరు పెట్టారు. అప్పటికీ అది 'విశాఖపట్నం' మాత్రమే. 2021 నవంబర్ 21న దళంలో చేర్చుకున్నాకే ముందు ఐఎన్ఎస్ వచ్చి చేరింది. యార్డు ఉత్తరాల్లో నంబరు పోయి పేరు కనిపించడం మొదలైన రోజు నుంచి వెల్డింగ్ చేసేవాళ్ళ మాటతీరు కూడా మారిపోతుంది. యార్డుల్లో డ్యూటీ చేసిన వాళ్ళెవరిని అడిగినా ఈ మాటే చెప్తారు.

ఫైలు తెరవగానే నాకు అర్థమైన మొదటి సంగతి, ఇక్కడ ఊహకు చోటు చాలా తక్కువ అని. ఓడ రకాన్ని బట్టి పేర్ల దారి ముందే వేసి ఉంటుంది. డిస్ట్రాయర్లకు పెద్ద నగరాలు, రాజధానులు: ఢిల్లీ, మైసూర్, ముంబయి, తరవాత కోల్‌కతా, కొచ్చి, చెన్నై. వాటికంటే కాస్త చిన్నవైన ఫ్రిగేట్లకు కొండలు, నదులు, ఆయుధాలు: శివాలిక్, సాత్పురా, సహ్యాద్రి ఒక వరుస, గోదావరి, గోమతి, గంగ ఇంకో వరుస, తల్వార్, త్రిశూల్, తబర్ మరో వరుస. ఖుక్రీ, కుఠార్, కిర్పాణ్, ఖంజర్ లాంటి చేతి ఆయుధాలు ఇంకా చిన్నవైన కార్వెట్లవి. జలాంతర్గాముల్లో వేటాడే చేపలు ఎక్కువ. సుకన్య, సుభద్ర, సావిత్రి లాంటివి గస్తీ ఓడలు. పై పేర్లలో చాలావరకు ఒక తరగతి ఓడలన్నీ ఒకే ఇంగ్లీషు అక్షరంతో మొదలవుతున్నాయని మీరు గమనించే ఉంటారు. అదీ పద్ధతిలో భాగమే. పేరు వినగానే ఇది ఏ తరగతి ఓడో, ఏ పనికి కట్టిందో దళంలో ఉన్నవాడికి తట్టాలి.

దాంతో నాకు మిగిలింది ఒక అక్షరం, తీరం పొడవునా ఉన్న రేవులు. మ్యాపులు ముందేసుకుని కూర్చున్నాను. మొదట్లో జాబితా గబగబా పెరిగింది, తరవాత అంతకంటే గబగబా తరిగింది. కొన్ని పేర్లు అప్పటికే ఏదో ఓడకో, తీరంలోని స్థావరానికో ఉన్నాయి. మన నౌకాదళంలో నేల మీది స్థావరాలకు కూడా ఐఎన్ఎస్ అనే ఉంటుంది. విశాఖలో సర్కార్స్, శాతవాహన, భీమునిపట్నం దగ్గర కళింగ అలాంటివే. కొన్ని పేర్లు మరీ పొడుగు. కొన్ని రాయడానికి బాగున్నా పలకడానికి బాగుండవు.

పలకడం గురించి కొంచెం వివరంగా చెప్పాలి. మా సెక్షన్‌లో సిగ్నల్స్ నుంచి వచ్చిన ఒక చీఫ్ (సీనియర్ నావికుడు) ఉండేవారు, తెలుగువారే. నా జాబితా చూసి, "సార్, ఇవి కాగితం మీద కాదు, సెట్ మీద వినాలి" అన్నారు. ఆ సాయంత్రం ఆఫీసులో పని తగ్గాక ఆయన గదిలో ఒక మూల నిలబడ్డారు. ఏసీ, ఫ్యాన్ రెండూ వేసి, తలుపు తీసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఒక్కో పేరూ ఒక్కసారే చదివారు, రేడియో ఆపరేటర్ పలికే వేగంతో. ఇంకో మూల కూర్చుని విన్నది విన్నట్టు రాసుకోవడం నా పని. రెండు పేర్లు నాకు ఒకేలా వినిపించాయి. ఒకటి అసలు అర్థమే కాలేదు. "తుఫానులో, ఇంజిన్ మోతలో, వంద మాటల మధ్య ఇది వినిపించాలి. పక్కపక్కన పోయే రెండు ఓడల పేర్లు కలిసిపోతే ప్రమాదం" అన్నారు. పాత మిసైల్ బోట్లలో నిపాత్, నిర్ఘాత్, నిశాంక్, నిర్భీక్ ఉండేవని, ఆ గుంపుతో పనిచేసినప్పుడు చెవులు రిక్కించుకుని వినేవాణ్ణని చెప్పారు. ఆ రోజు నుంచి నా నోట్‌లో 'ఉచ్చారణ' అని ఒక గడి అదనంగా పెట్టుకున్నాను. ఎవరూ అడగలేదు, కానీ అది ఉండాల్సిన గడే.

ఇక అసలు విషయం. మొదటి విడత నోట్ తీసుకుని వెళ్తే మా పై అధికారి పేర్ల అర్థాలు, ఊళ్ళ గొప్పలు చదవనే లేదు. ప్రతి పేరు దగ్గరా ఒకే ప్రశ్న: "దీన్ని ఇంతకుముందు ఎవరు మోశారు?" అంటే, ఈ పేరుతో మన దళంలో ఇదివరకు ఓడ ఉందా, ఉంటే ఏం చేసింది, ఎప్పుడు విరమించింది, దాని మనుషులకు ఏ పతకాలు వచ్చాయి అని. అప్పటిదాకా నేను పేర్లను కొత్తగా ఎంచుకోవాల్సినవిగా చూస్తున్నాను. ఆయనకు అవి చేతులు మారే ఆస్తి. ఆ ప్రశ్న పట్టుకుని పాత రికార్డులు తిరగేస్తే, మన నౌకాదళంలో ఎన్ని పేర్లు మళ్ళీ పుట్టాయో కళ్ళకు కట్టింది.

విక్రాంత్ అందరికీ తెలిసిందే. 1961లో వచ్చిన విమానవాహక నౌక 1997లో విరమించింది, 2022 సెప్టెంబర్ 2న కొచ్చిలో అదే పేరుతో కొత్తది దళంలో చేరింది, ఆర్11 అనే పాత గుర్తు నంబరుతో సహా. 1967 డిసెంబర్ 8న మన మొదటి జలాంతర్గామి కల్వరి దళంలో చేరింది. ఆ తేదీనే ఇప్పటికీ జలాంతర్గాముల దినంగా జరుపుకుంటున్నాం, ఆ పేరు 2017లో స్కార్పీన్ తరగతి మొదటి జలాంతర్గామికి వచ్చింది. ఖందేరి, కరంజ్, వేలా, వాగీర్, వాగ్షీర్ అన్నీ అలా తిరిగొచ్చినవే. నీలగిరి, హిమగిరి, ఉదయగిరి, దునగిరి, తారాగిరి, వింధ్యగిరి అనే ఆరు పాత ఫ్రిగేట్ల పేర్లూ కొత్త ఫ్రిగేట్లకు వచ్చాయి. ఏడో ఓడ ఒక్కదానికి మాత్రం మహేంద్రగిరి అని కొత్త పేరు కలిసింది. వీటిలో వింధ్యగిరి కథ నాకు ప్రత్యేకంగా గుర్తుంది. పాత వింధ్యగిరి 2011లో ముంబయి రేవు దగ్గర ఒక వాణిజ్య నౌకతో ఢీకొని, మంటలంటుకుని మునిగిపోయింది. అలాంటి ముగింపు ఉన్న పేరును కూడా పక్కన పెట్టలేదు. 2023 ఆగస్టులో కోల్‌కతాలో రాష్ట్రపతి ద్రౌపది ముర్ము చేతుల మీదుగా కొత్త వింధ్యగిరి నీళ్ళలోకి దిగింది.

అయితే యుద్ధంలో పోయిన ఓడ సంగతి వేరు. నా జాబితాలో ఖుక్రీ లేదు, కానీ పోయిన ఓడ పేరు గురించి ఎప్పుడు చర్చ వచ్చినా అందరూ తీసే ఉదాహరణ అదే, అందుకని దాని మీద నన్నొక పేజీ రాయమన్నారు. 1971 డిసెంబర్ 9 రాత్రి డయ్యూ తీరానికి దూరంగా పాకిస్తాన్ జలాంతర్గామి హంగోర్ వేసిన టార్పెడో తగిలి ఖుక్రీ మునిగింది. 18 మంది అధికారులు, 176 మంది నావికులు పోయారు. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా తప్పించుకునే ప్రయత్నం చెయ్యలేదు. మనుషుల్ని బయటికి పంపుతూ ఓడతోపాటే వెళ్ళిపోయారు. ఆయనకు మరణానంతరం మహావీర చక్ర ఇచ్చారు. స్వాతంత్ర్యం తరవాత మన నౌకాదళం యుద్ధంలో పోగొట్టుకున్న ఓడ అదొక్కటే.

ఆ పేరు 18 ఏళ్ళపాటు ఎవరికీ ఇవ్వలేదు. 1989 ఆగస్టు 23న కొత్త కార్వెట్ తరగతి మొదలైనప్పుడు మొదటి ఓడకే ఖుక్రీ అని పెట్టారు. ఆ తరగతికి మొత్తం ఖుక్రీ తరగతి అనే పేరు. ఆ పేజీ రాస్తున్నప్పుడు నన్ను వదలని ప్రశ్న ఒకటే: 194 మందిని తీసుకుని మునిగిన పేరున్న ఓడ ఎక్కమంటే, ఇరవై ఏళ్ళ కుర్రాడికి భయం వెయ్యదా? వాళ్ళ అమ్మానాన్నలకు? మన ఇళ్ళలో అకాలంగా పోయినవాళ్ళ పేరు పిల్లలకు పెట్టాలంటే వెనకాడేవాళ్ళున్నారు కదా. ఇదే చీఫ్‌ని అడిగాను, ఎందుకంటే ఆయన రెండో ఖుక్రీలో పనిచేసి వచ్చారు. ఆయన కాసేపు ఆలోచించి చెప్పింది నా నోట్‌లో పెట్టలేదు గానీ ఇక్కడ రాస్తాను. "భయం కాదు సార్. ఆ ఓడ మీద చేరినవాడికి ముందు ముల్లా సాబ్ గురించి చెప్పేవాళ్ళు, తరవాతే ఎక్కడ పడుకోవాలో చూపించేవాళ్ళు. డ్రిల్లులో ఒకడు బద్ధకిస్తే మిగిలినవాళ్ళు ఊరుకునేవాళ్ళు కాదు. వేరే ఓడల్లో ఆఫీసర్లు అరవాలి, అక్కడ అక్కర్లేదు."

ఆ ఓడ 32 ఏళ్ళు పనిచేసి, 2021 డిసెంబర్ 23న విశాఖలో విరమించింది. తరవాత దాన్ని డయ్యూకే ఇచ్చారు, మొదటి ఖుక్రీ పోయిన సముద్రం ఒడ్డున మ్యూజియంగా ఉంచడానికి. ఈ ఒక్క పేరు చాలు, పేర్ల కమిటీ ఎందుకు అంత నెమ్మదిగా, అంత జాగ్రత్తగా పనిచెయ్యాలో అర్థం కావడానికి. నేను మనస్ఫూర్తిగా ఇది నమ్ముతాను: యుద్ధంలో పోయిన ఓడ పేరును దాచిపెట్టడం ఆ మనుషుల్ని రెండోసారి పోగొట్టుకోవడమే.

ఇతర దేశాలు ఏం చేశాయో కూడా చూడమన్నారు. అమెరికా 1942లో కోరల్ సముద్రం యుద్ధంలో లెక్సింగ్టన్ అనే విమానవాహక నౌక‌ను పోగొట్టుకున్నప్పుడు, దాన్ని కట్టిన క్విన్సీ షిప్‌యార్డు కార్మికులే తాము కడుతున్న కాబట్ అనే ఓడకు ఆ పేరు ఇమ్మని అడిగారు, ఇచ్చారు. జర్మనీ దీనికి పూర్తిగా ఎదురు దారి పట్టింది. రెండో ప్రపంచ యుద్ధం మొదలైన కొద్ది నెలలకే, డాయిచ్‌లాండ్ అనే యుద్ధనౌక మునిగితే 'జర్మనీ మునిగింది' అన్న వార్త వస్తుందని భయపడి దాని పేరు లూట్సో అని మార్చేశారు. బ్రిటన్‌లో చర్చిల్ నౌకాదళ మంత్రిగా ఉండగా ఒక యుద్ధనౌకకు ఆలివర్ క్రామ్‌వెల్ పేరు పెడదామంటే, ఒక రాజు తల తీయించిన మనిషి పేరు రాజు నౌకకా అని ఐదో జార్జి ఒప్పుకోలేదు. 'పిట్' అనే పేరును కూడా ఆయనే కాదన్నాడు, నావికులు దానికి అసభ్యమైన ప్రాస కడతారని. ఐదో జార్జి కుర్రతనంలో నౌకాదళంలో పనిచేసినవాడు, ఆ మాట ఊరికే అనలేదు. నావికులు ప్రతి ఓడకూ ముద్దుపేరు పెడతారు, దాన్ని ఎవరూ ఆపలేరు. అందుకే పేరు ఎంచుకునేటప్పుడే దాన్ని ఎలా వంకర తిప్పుతారో ఆలోచించుకోవాలి. ఇలా ఆలోచించిన రాజు మీద నాకు గౌరవం కలిగింది.

ఇంత చదివాక నా జాబితా వైపు మళ్ళీ చూస్తే, పాత ఓడల పేర్లున్న రేవులు సులభంగా ముందుకు వచ్చాయి. వాటికి రాయడానికి చరిత్ర సిద్ధంగా ఉంది. నేను మాత్రం ఒక కొత్త పేరు కోసం పట్టుబట్టాను: మోటుపల్లి.

మన చరిత్ర చదివినవాళ్ళకు చెప్పక్కర్లేదు. కాకతీయుల కాలంలో మోటుపల్లి పెద్ద రేవు. 1244లో గణపతిదేవుడు అక్కడ వేయించిన శాసనం సముద్ర వ్యాపారులకు అభయమిచ్చింది. అంతకుముందు రాజులు, తుఫానుకు ఓడ పగిలి సరుకు ఒడ్డుకు కొట్టుకొస్తే, బంగారమూ ఏనుగులూ గుర్రాలూ అన్నీ లాగేసుకునేవారు. ప్రాణాలకు తెగించి సముద్రం దాటి వచ్చినవాళ్ళ సొమ్ము అలా తీసుకోబోమని, నిర్ణయించిన సుంకం మాత్రమే వసూలు చేస్తామని గణపతిదేవుడు రాయి మీద చెక్కించాడు. ఆ రాతి స్తంభం అక్కడి వీరభద్రాలయంలో ఉంది. నా నోట్‌లో ఆ శాసనం సారం ఉన్నదున్నట్టు రాసి, కింద ఇలా వాదించాను: సముద్రంలో ఆపదలో ఉన్నవాడిని దోచుకోకుండా కాపాడటమే ఈ తరహా ఓడల పని. తీరం దగ్గర కాపలా, దొంగల్ని అడ్డుకోవడం, మునిగేవాళ్ళను ఎత్తడం. ఆ పనికి ఏడున్నర శతాబ్దాల కిందటే మాట ఇచ్చిన రేవు పేరుకంటే ఇంకేం కావాలి?

పై అధికారి శ్రద్ధగా చదివారు. ఎప్పటి ప్రశ్నే అడిగారు. "మన దళంలో ఎవరూ మోయలేదు సార్" అన్నాను. "వద్దనడం లేదు. కానీ దీనికి ఎవరి రక్తం అంటలేదు. పక్కన ఉన్న పేరుకు అంటింది. ఈసారి ఏది ముందుండాలో నువ్వే చెప్పు" అన్నారు. ఖుక్రీ పేజీ రాసిన చేత్తో నేను ఆ మాట కాదనలేకపోయాను. అయినా నా వాదన వెనక్కి తీసుకోలేదు. ప్రతి పేరుకూ ఎక్కడో ఒకచోట మొదటిసారి అనేది ఉండాలి కదా. 2023 డిసెంబర్‌లో డిస్ట్రాయర్ ఇంఫాల్ దళంలో చేరినప్పుడు, ఈశాన్యంలోని నగరం పేరు పెట్టుకున్న మొదటి యుద్ధనౌక అని అందరూ చెప్పుకున్నారు. రెండో ప్రపంచ యుద్ధంలో ఆ నేల మీద పారిన రక్తం, మణిపూర్ ప్రజలు ఇచ్చిన ప్రాణాలు ఆ పేరు వెనక ఉన్నాయి. సముద్రం కనిపించని నగరానికి కూడా ఓడలో చోటు దొరికింది. సరైన కారణం చూపిస్తే కొత్త పేరుకు తలుపు మూసి ఉండదు.

కమిటీ రోజున నేను గది బయట ఫైళ్ళతో కూర్చున్నాను, ఏదైనా అడిగితే లోపలికి వెళ్ళి చెప్పాలి. చాలా టెన్షన్ పడ్డాను, పరీక్ష ఫలితాల కంటే ఎక్కువ. చరిత్ర విభాగం నుంచి వచ్చిన పెద్దాయన తేదీల మీద మూడు చీటీలు పంపారు, ముగ్గురు వేర్వేరు రచయితలు ఒకే ఓడకు వేర్వేరు తేదీలు రాసిన చోట్ల. వాటికి మూల రికార్డు నకళ్ళు నా దగ్గర ఉన్నాయి. మోటుపల్లి మీద కూడా ఒక చీటీ వచ్చింది: శాసనం ఇప్పుడు ఎక్కడుంది, చదవగలిగే స్థితిలో ఉందా అని. జవాబు రాసి పంపాను.

తుది జాబితా వచ్చినప్పుడు అందులో మోటుపల్లి లేదు. ఎక్కువ భాగం ఇదివరకు మోసిన పేర్లే. నాకు బాధ కలిగింది, కానీ అన్యాయం జరిగిందని అనిపించలేదు. ఆమోదం కాని పేర్లు పారెయ్యరు, ఇంకో తరగతి వచ్చినప్పుడు మళ్ళీ చూస్తారు. అందుకని పోస్టింగ్ మారేముందు ఆ నోట్‌ను మళ్ళీ శుభ్రంగా టైపు చేయించాను. శాసనం పాఠం, ఉచ్చారణ గడిలో చీఫ్ పెట్టిన సరే అన్న గుర్తు, కమిటీ అడిగిన ప్రశ్న, నేనిచ్చిన జవాబు అన్నీ జతచేసి, నా తరవాత ఆ కుర్చీలోకి వచ్చిన అధికారికి చేతికిచ్చాను. ఆయన తమిళుడు. చదివి, "దీనిపక్కన మా పూంపుహార్ కూడా పెడతాను, అభ్యంతరం లేదుగా?" అన్నారు. పెట్టమన్నాను. చోళుల రేవు, కాకతీయుల రేవు ఇప్పుడు ఒకే ఫైల్లో ఉన్నాయి.